బలం పొడి

సాగర్ గేట్లన్నీ ఎత్తిన వరద ఏడాది అది. నరసరావుపేట ఆసుపత్రి వరండాలో, కాళ్లు చచ్చుబడిన మంగతాయారు పక్కన భర్త తల వంచుకుని కూర్చున్నాడు.

"డాక్టరమ్మ ఏమంది మావా?"

"ఒంట్లో కాపలా కణాలే నీ నరాల మీది తొడుగు కొరుకుతున్నయ్యంట. ఎలకలు మోటారు వైరు కొరికినట్టు."

"ఇన్నాళ్లూ మింగిన నరాల మాత్రలు మానేసినందుకేనా?"

"ఆ కణాల్ని అణిచిపెట్టేది ఆ మాత్రలేనంట. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిస్తయ్యని నేనే మాన్పించి, పాలల్లో బలం పొడి తాపిస్తిని. తిట్టవేందే?"

"పెళ్లయిన కాడ్నించి నువ్వు నాకు గ్లాసు అందించింది అదే మొదలు. చేదుగా ఉన్నా తాగా. మళ్లీ నడుస్తానా?"

"పోయిన బలం కొంతే తిరిగొచ్చిద్దంట."

తెల్లారి అతను ఇంటి నుంచి తెచ్చిన సంచిలోని పొడి డబ్బాను చెత్తబుట్టలో బోర్లించాడు. ఆ పాలు తాపిన గ్లాసే కడిగి, నీళ్లు తెచ్చి, ఆమె మాత్ర మింగేదాకా పట్టుకుని నిలబడ్డాడు.