తువ్వాల కింది బేరం

సీతాఫల్‌మండిలో వాళ్ల ముందుగదిలో అనుపమ కంప్యూటర్‌లోకి వెబ్ సర్వర్ ఎక్కిస్తోంది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల బేరాలు కుదిర్చే తండ్రి జంగయ్య ఆమె వెనకే నిలబడ్డాడు.

“ఆఖరి కమాండ్ కొట్టిన నాయినా. ఇగ సర్వర్ షురూ కావాలె.”

“ఏమన్నదది?”

“ఏమనలే. కర్సర్ ఉత్తగ కింది లైన్‌కు వచ్చి ఆగింది. మల్ల ఫెయిలైనట్టుంది. అంత తీసేసి మొదటిసంది ఎక్కిస్త.”

“జెర ఆగు బిడ్డా. పొద్దుగాల తప్పు పోయినప్పుడు ఏం జేసింది?”

“తెర నిండ ఎర్రర్లు చూపించింది.”

“మరింకేంది. మేం తువ్వాల కింద వేళ్లు పట్టుకొని బేరం జేస్తం. ధర నచ్చనోడే ఒర్రుతడు. నచ్చినోడు సప్పుడు జెయ్యకుంట సరుకు ఎత్తుకుంటడు. తెరిచి చూడు.”

అనుపమ బ్రౌజర్ తెరిచింది. సర్వర్ పనిచేస్తోందని చెప్పే తెల్లటి పేజీ ఎదుట నిలిచింది.

“అయింది నాయినా.”

“నేన్జెప్పలే?”

ఆమె తెరమీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

“గిదే పనికి బెంగళూరు రమ్మన్నరని చెప్పి మూడు దినాలాయె. నువ్వేమంటలేవు.”

జంగయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“నేనేమన్న ఒర్రిన్నా బిడ్డా?”