పాయ ఒడ్డు చేను

డెన్మార్క్‌లో ఒక సముద్రపు పాయ ఒడ్డున, తన పడవ పక్కన రాగ్నా ఖాళీ వల దులుపుతుండగా, తమ్ముడు ఆస్గర్ ప్రభుత్వం పంపిన ఉత్తరంతో వచ్చాడు.

"అక్కా, ఒడ్డు చేను సాగు మానేసి నీళ్లకి వదిలెయ్యమంటున్నారు, ఒప్పుకుంటే సంతకం పెట్టమన్నారు. నా ఎరువులోని నత్రజని కాలవల వెంట ఈ పాయలోకి దిగుతోందట."

"అట ఏంట్రా? నీళ్లు చూడు, అంతా నాచే. కింద ఊపిరాడక చేపలన్నీ పోయాయి."

"మరి ఇన్నేళ్లూ నన్నొక్క మాట అనలేదే?"

"అంటే మాత్రం? ఎరువు మానేస్తే నీ ఆవులకి గడ్డెక్కడిది?"

"ఆ బురదనేలని చేను చేసింది నాన్న. మళ్లీ బురద చెయ్యమంటారా?"

"ఆ నాన్నే నాకీ పడవా ఇచ్చాడురా."

ఆస్గర్ కాసేపు నీళ్లకేసి చూశాడు. అడుగు కనబడలేదు.

"సంతకం పెడితే చేపలొస్తాయా?"

"ఏమో. నీళ్లు తేటపడేసరికి నేను ముసలిదాన్నై వల వెయ్యలేకపోవచ్చు."

"మరెందుకు పెట్టాలి?"

"పెట్టమని నేనడగలేదుగా. ఇంటికి రా, కాఫీ తాగుదువుగాని."

"పెట్టేద్దామనే అనిపిస్తోంది, ఈలోపు నా మనసు మారిపోతుందేమో."

"మారితే మారనీ. చేను నీది."

ఎవరైనా ఒత్తిడి చేస్తే ఎదురు తిరుగుదామనే వచ్చాడతను. అక్క చెయ్యలేదు. ఆమె వంటింట్లో, కాఫీ చల్లారకముందే సంతకం పెట్టేశాడు.