ఏడు మూరల వైరు

అది కాదు జగదీశప్పా, ‘మూతపడవచ్చు’ అంటే ఏంది అర్థం? పడుతుందా, పడదా? హగరి ఊరి బడిలో నా ముందర బెంచీ మీద కూర్చున్నప్పుడు ఇట్లాంటి జవాబు రాసింటే నీకు సున్నా వేసేదాన్ని. సైటులో నోటీసు పెట్టి వారమాయ. ‘నెలాఖరుకు తెలుస్తుంది’ అంటావు. ఎవరికి తెలుస్తాది? ఎట్లా తెలుస్తాది?

కూర్చో. ముందు కాఫీ తాగు, చల్లారిపోతాది.

బేజారు చేసుకోవద్దు, నిన్ను తప్పు పట్టేది కాదు. పదహైదేండ్లు ఒక్కడివే మోసినావు. ‘బుట్టల బడి’ అని పేరు నేను పెట్టినా, సైటు నువ్వు కట్టినావు. ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లేవాళ్ళకి కంప్యూటర్లో ఒక జాగా అంటే అప్పుడు నవ్వినవాళ్ళే అందరూ! ఈడ సత్యనారాయణపేటలో నేను ఒక ముడి ఫోటో పెడితే, ఆదోనిలో, గుంతకల్లులో, సిరుగుప్పలో అది చూసి అల్లేవాళ్ళు. ఇప్పుడు అందరూ వాట్సాప్‌కి పోయినారంటావు. సైటు నడిపే పాత మిషను మొరాయిస్తాండాది అంటావు. సరే, ఒప్పుకుంటా.

కానీ నా బిందు ఆడ ఉండాది గదప్పా.

నా కూతురు పోయి నాలుగేండ్లు. జ్వరమని ఆస్పత్రికి పోయింది, తిరిగి రాలా. అప్పటికి మేఘనకు మూడేండ్లు. ఆ పిల్లకి అమ్మంటే గోడ మీది ఫోటో. ఫోటో మాట్లాడదు. బుట్టల బడిలో బిందు మాట్లాడతాది. ఎవరో పచ్చ వైరుకి ఊదా అంచు వేస్తే, ‘అక్కా, ఇది బుట్టనా, వంకాయ తోటనా?’ అని రాసింది చూడు, అది చదివి మేఘన పడీ పడీ నవ్వింది. ‘అవ్వా, అమ్మ ఇట్లా మాట్లాడేదా?’ అని అడిగింది. దినాం బడి నుంచి రాగానే ఒకటి చదివిస్తా. ఒక్కటే. అన్నీ ఒకేసారి చదివేస్తే ఎట్లా, అయిపోవూ?

ఏంది? అన్నీ దించి పెన్ డ్రైవ్‌లో వేసిస్తావా?

సంతోషమప్పా. నిజంగానే. మరి ఏడుస్తాండావెందుకు టీచరమ్మా అంటావు. ఉండు, స్వల్ప ఓపిక పట్టు. మొదట్నుంచి చెప్తే గానీ అర్థం కాదు.

బుట్టకి వైరు ఎట్లా కొలుస్తాం? మూరతో. మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా. మా అమ్మ అట్లే, నేనూ అట్లే. టేపు పట్టుకున్నవాళ్ళు ఎవరుండారు? ఒకసారి పెద్ద బుట్ట పాఠం పెట్టి, ‘వైరు ఏడేడు మూరలు కత్తిరించుకోండి’ అని రాసినా. హచ్చొళ్ళి ఊరి ఎల్లక్క అట్లే కత్తిరించి, మూడు వారాలు అల్లింది. పై అంచు మడిచే సమయానికి వైరు చాలలా. ఫోటో పెట్టింది పాపం, కొసలన్నీ మొండిగా నిలబడి ఉండాయి. నేనేం రాసినానో తెలుసా? ‘ముడులు వదులుగా వేసినావు ఎల్లక్కా. అంతా విప్పి మళ్ళీ అల్లు’ అని!

అప్పుడు బిందు రాసింది. అందరి ముందర. ‘అమ్మా, తప్పు ఎల్లక్కది కాదు. నీ చెయ్యి పొడుగు, ఆమెది పొట్టి. అందరి మూరా నీ మూర కాదు. అడుగుల్లో చెప్పు’ అని.

ఇంకేందో ఉండె, కింద రెండు వరుసలు. చదవలా నేను. టీచరమ్మకి, కన్న కూతురు, నలుగురిలో తప్పు దిద్దడమా? చెరిపే అధికారం నువ్వే గదా ఇచ్చినావు నాకు. చెరిపేసినా.

ఆ దినం నుంచి బిందు ఆడ ఒక్క మాట రాయలా జగదీశప్పా. ఫోన్ చేసేది, ఇంటికి వచ్చేది, బాగానే నవ్వేది. ఆ ఊసు మాత్రం ఎత్తలా. నేనూ ఎత్తలా. ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నా. మూడేండ్లు అట్లే పోయినాయి, ఆమీట బిందునే పోయింది.

ఇప్పుడు చెప్పు. చెరిపింది నీ పెన్ డ్రైవ్‌లోకి వస్తాదా? ఆ రెండు వరుసలు పాత మిషన్‌లో ఏ మూలనన్నా ఉంటాయా?

తెలియదు. ఊఁ. నీకూ తెలియదు.

ఉంటే మాత్రం నాకు ఇవ్వొద్దప్పా. పెన్ డ్రైవ్ పట్టుకుని నేనేం చేసేది? అందులో జవాబు రాసేదానికి అయితాదా? దాన్ని ముందు ఉన్నచోటే పెట్టు, ఎల్లక్క ఫోటో కింద, అందరూ చూసేట్టు. దొరకలేదా, ఆ జాగా అట్లే వదిలిపెట్టు. ఆమీట సైటు ఇంకొక్క దినం తెరిచి పెడితే చాలు నాకు. ఆ జాగాలోనే ‘బిందు చెప్పిందే నిజం, తప్పు నాది’ అని రాయాల.

చదివేదానికి బిందు లేదు, నాకు తెలీదా? ఎల్లక్కన్నా చదువుతాదిలే.