నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయే కంప్యూటర్

ఇది మూడోసారి తమ్ముడూ, నువ్వు దీని మూత విప్పడం! మొదటిసారి ఫ్యాన్ నిండా దుమ్మన్నావు, ఊదావు. రెండోసారి మెమరీ ముక్క పీకి, రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చావు. ఏమైంది? వారం తిరక్కుండా ఠప్పున ఆరిపోయింది.

నిన్ను అనడం లేదులే. కూర్చో. కళ్ళజోడు పెట్టుకునే చూడు. మా ఆయన కటింగ్ షాపుకి వెళ్ళారు, అక్కడున్న పేపర్లన్నీ నమిలేస్తేగానీ రారు.

పదమూడేళ్ళ మిషను. వయసైపోయిందంటావు. మాకు మాత్రం అవలేదా? మేమిలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఠప్పున ఆగిపోతున్నామా?

ఆయన లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆత్మకథ మొదలెట్టారు. ఒంటివేలితో! ఒక్కో అక్షరం వెతికి, దొంగ దొరికినట్టు పొడుస్తారు. పుట్టుక, చదువు, ఉద్యోగం, మూడు అధ్యాయాలయ్యాయి. నాలుగోది మాత్రం నాలుగు నెలలుగా కదలదు. సగంలో ఉండగా ఇది చస్తుంది, రాసిందంతా గంగలో కలుస్తుంది.

సేవ్ చెయ్యరా అంటావా? చెయ్యరు! "పూర్తికాని లెక్కని దాచకూడదు, తప్పులు కూడా భద్రంగా ఉండిపోతాయి" అంటారు.

పోనీ ఊరుకున్నారా? గోడకి గ్రాఫు కాగితం అంటించి, ఏ పూట ఆగింది, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది, అన్నీ చుక్కలు పెట్టారు. చివరికి తేల్చారు. కుక్కరు మూడో విజిల్‌కి కంప్యూటర్ బెదురుతోందట! నవ్వకు. రెండు నెలలుగా మా ఇంట్లో మూడో విజిల్ లేదు. ఉడికీ ఉడకని కూరలు నమిలి ఇద్దరికీ దవడలు లాగేస్తున్నాయి.

తర్వాత మా ఆడపడుచు తుమ్ము మీద పడ్డారు. సొంత చెల్లెల్ని వరండాలోనే నిలబెట్టి మాట్లాడి పంపించేశారు. ఆవిడ అలిగి రావడం మానేసింది. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానికే పెట్టి, మేమిద్దరం విసనకర్రలతో విసురుకుంటున్నాం.

ఏంటీ? పోయిన రెండుసార్లూ అసలు లోపమే కనపళ్ళేదా?

ఎలా కనపడుతుంది నాయనా.

ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టు. ఒక మాట చెప్తాను, కడుపులో పెట్టుకో. ఆపింది నేను.

అలా చూడకు! మొదటిసారి కావాలని చెయ్యలేదు. ఆయన స్నానానికి వెళ్తే, ఈ బల్ల కింద ఊడుస్తూ తలెత్తి చదివాను. "ఆ యేడే సైకిలు కొన్నాను. వివాహము కూడా అయినది." అంతే! సైకిలుకి మూడు పేజీలు. బెల్లు, డైనమో, సీటు కవరు రంగు. నాకు మాత్రం ఒక "కూడా". ఆ మంటలో చీపురు ఎటుపోయిందో నాకే తెలీదు, ప్లగ్గు ఊడింది.

పాపం, తల పట్టుకుని మళ్ళీ మొదట్నుంచి రాశారు. నాలుగు రోజులాగి చూద్దును కదా, "వివాహము అయినది. అమ్మాయి పొడగరి." పెరిగాను తమ్ముడూ! కిటుకు దొరికిపోయింది. ఈసారి కాలి బొటనవేలితో స్విచ్చి నొక్కాను.

మూడోసారికి నా నవ్వు కథలోకి వచ్చింది. నాలుగోసారికి పక్కింటావిడతో నా పోట్లాట, మాటకి మాట సహా. అటు సైకిలు చిక్కిపోతూ వచ్చింది. రాసి రాసి ఆయనకీ విసుగు కదా, ముందు డైనమో ఎగిరిపోయింది, తర్వాత సీటు కవరు. ఆరోసారికి నేనూ సైకిలూ సరిసమానం. మరి అంత లాభం కళ్ళముందు కనపడుతుంటే ఎవరాపుతారు చెప్పు? పచ్చి కూరలు తిన్నా నోరెత్తలేదు.

మొన్న ఏడోసారి. ఆయన కునుకు తీస్తున్నారు. నేనిక్కడ కూర్చుని చదువుతున్నాను, కాలు స్విచ్చి మీదే ఉంది.

పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున ఆయన చొక్కా గుండీ ఊడిందట. విప్పే టైము లేదని మెట్ల మీద నిలబెట్టి, ఒంటిమీదే కుట్టి, దారం పళ్ళతో కొరికానట. నాకు గుర్తే లేదు! ఆ రోజు బడిలో తనిఖీ. ఆఫీసరు చూస్తుండగా బోర్డు మీద మూడు రెళ్ళు ఐదని రాశారట. "నా సర్వీసు మొత్తంలో చేసిన తప్పు లెక్క అదొక్కటే. దిద్దుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు" అన్నారు.

నలభై ఒక్క ఏళ్ళు తమ్ముడూ. ఒక్కసారైనా నోటితో చెప్పారా ఈ మనిషి?

కాలు తీసేశాను. ఒట్టు, తీసేశాను. కళ్ళు తుడుచుకుని, సేవ్ అనేది ఎక్కడుందా అని వెతుకుతున్నాను. ఠప్పు! నేను ముట్టుకోలేదు, దానంతటదే పోయింది.

ఆయన లేచి చూసి విసుక్కోను కూడా విసుక్కోలేదు. "ఇంక ఓపిక లేదే, ఆ అధ్యాయం వదిలేస్తాను" అన్నారు. వద్దని ఎలా అనను? చదివానని చెప్పాలి కదా!

ఏంటి చూపిస్తున్నావు? ఆ డబ్బాలో ఉబ్బిపోయిన ముక్కా? మాటిమాటికీ కరెంటు పీకి ఆపితే ఇలాగే పోతుందా? అంటే దీన్ని నేనే చంపానా?

సరే, చంపాను. ఇది బతికినా చచ్చినా నాకు ఒకటే. ఆ పేజీ బయటికి తియ్యి చాలు.

దొరుకుతుందా! దీని డిస్కు ఊడదీసి నీ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే కనపడుతుందా? మనం చెప్పకపోయినా అదే చాటుగా దాచుకుంటుందా? నీ నోట్లో చక్కెర పొయ్య!

ఏంటీ... ఒక్కటి కాదా? ఏడూ ఉన్నాయా? ఏది ఎన్నింటికి ఆగిందో, ఆ టైముతో సహానా?

అయిపోయానే. ఆ గ్రాఫులో ఉన్నవి పూటలే, ఇందులో నిమిషాలతో సహా ఉన్నాయి. లెక్కల బుర్ర, ఇట్టే పట్టేస్తారు. తను కునుకు తీసిన వేళలూ స్నానం వేళలూ ఆయనకి కంఠతా.

మిగతా ఆరూ చెరిపేస్తావా? ఆగు... చెరపకు. ఆగు, ఆలోచించుకోనీ.

వద్దులే. అన్నీ ఉంచు. తెలిస్తే తెలియనీ. మహా అయితే ఏం చేస్తారు, అదీ రాస్తారు. నాకింకో నాలుగు పేజీలు.