తేటపడిన సీసా

అందరికీ నమస్కారం. ఇంత వానలోనూ వచ్చారు, సంతోషం. మేడంగారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఆవిడ ల్యాబులో ఇరవై ఆరేళ్ళు సీసాలు కడిగినదాన్ని నేను. ల్యాబులో చదువుకునే పిల్లలు నన్ను సీసాలక్క అంటారు. చదువుకున్నవాళ్ళంతా మాట్లాడాక మైకు నా చేతికిచ్చారు. నాకు ఉపన్యాసాలు రావు. ఉన్నదున్నట్టు చెప్పి కూర్చుంటాను.

మేడంగారి పని గురించి ఇందాకటి నుంచి పెద్ద పెద్ద మాటలు విన్నారు. నాకు ఆవిడ ఎలా చెప్పారో అలా చెప్తాను. నేను చేరిన కొత్తలో చెంచాడు సముద్రపు నీళ్ళు చూపించి, ఇందులో ఏముందని అడిగారు. ఉప్పండీ అన్నాను. ఉప్పుతోపాటు కోట్ల వైరస్‌లున్నాయన్నారు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "భయపడకు. వాటికి నీతో పని లేదు, సూక్ష్మజీవులతోనే పని" అన్నారు.

సముద్రంలో ఉన్న సూక్ష్మజీవుల్లో సుమారు ఐదో వంతును ఇవి రోజూ చంపేస్తాయట. రోజూనండీ! చచ్చినవి పగిలిపోతే లోపలి సరుకంతా నీళ్ళలో కలుస్తుంది, మిగిలినవి అది తిని పెరుగుతాయి. ఒకదాని గుణాన్ని ఇంకోదానికి మోసుకెళ్ళేవి కూడా ఇవేనట. మరి ఇవి లేకపోతే? బలమైన రకం ఒక్కటే పెరిగిపోయి, మిగతావాటికి చోటు లేకుండా చేస్తుందన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చదువు అక్కర్లేకపోయింది.

సముద్రం మీద అంత పని చేసిన మనిషికి పడవెక్కితే చాలు, కడుపులో తిప్పేది. నవ్వకండి, నిజం. ఓసారి నీళ్ళు తోడాల్సిన సమయానికి పడవ అంచు పట్టుకుని వంగిపోయారు. తేరుకున్నాక మూతి తుడుచుకుని నోట్‌బుక్ అడిగారు. ఏం రాశారో తెలుసా? "తొమ్మిది నలభై. నాకు వాంతి. నీళ్ళు తోడడం పదకొండు నిమిషాలు ఆలస్యం." అది రాయకపోతే ఎవరికి తెలుస్తుందండీ అన్నాను. "నాకు తెలుసుగా" అన్నారు.

ఇక ల్యాబులో ఆవిడ పెట్టిన రూలు. నోట్‌బుక్‌లో "పాడైంది" అని ఎవరు రాసినా ఎర్రసిరాతో కొట్టేసేవారు. "పాడైందో బాగైందో తర్వాత చూద్దాం, ముందు కంటికేం కనిపించిందో రాయి" అనేవారు. పిల్లలూ, మీరంతా వెనకాల దాన్ని వేళాకోళం చేసేవారు. టీ చల్లారితే "ఉష్ణోగ్రత తగ్గినట్టు కనిపించింది" అనుకునేవారు. ఆ రూలు ఎందుకొచ్చిందో మీకు తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే.

పదమూడేళ్ళ క్రితం మాట. రెండు సీసాల్లో ఒకే సూక్ష్మజీవిని పెంచారు. అవి పెరిగితే నీళ్ళు మబ్బుగా అవుతాయి. ఒక సీసాలో సముద్రపు నీళ్ళు బాగా వడగట్టి, వైరస్‌లు మాత్రమే మిగిలేలా చేసి పోశారు. పొద్దున్నే వచ్చి చూద్దును కదా, ఆ సీసా తేటగా ఉంది! తాగేనీళ్ళలా ఉంది. నా ప్రాణం పోయింది. సీసాలో సబ్బు ఉండిపోయింది, నేను సరిగ్గా కడగలేదు, సీసా పాడైంది అనుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం. పారబోసి, మరిగే నీళ్ళతో కడిగి, పక్క సీసాలోంచి సగం వంచి పెట్టేశాను. ఆ తేటదనమే ఆవిడ వెతుకుతున్నదని నాకేం తెలుసు?

ఆ సూక్ష్మజీవిని ఏ వైరస్సూ చంపడం లేదని మేడంగారు వ్యాసం అచ్చువేశారు.

రెండేళ్ళ తర్వాత ఇంకో సీసా అలాగే తేటపడింది. ఆవిడ చిన్నపిల్లలా కేకేసి అందర్నీ పిలిచారు. సాయంత్రం ఆవిడ గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. "పాడైందని నువ్వే అనేసుకున్నావు. నన్ను పిలిచి ఉండాల్సింది" అన్నారు. అంతే. ఆ వారమే వ్యాసం వెనక్కి తీసుకున్నారు. "నా ల్యాబులో తప్పు జరిగింది, బాధ్యత నాది" అని రాశారు. నా పేరు ఎక్కడా లేదు. ఆ ఏడాది రావలసిన శాఖాధిపతి పదవి చేజారిపోయింది. "దొంగ లెక్కల మేడం" అని పేరు పెట్టారు. ఈ హాల్లోనే కొందరు ఆ మాట అన్నారు. అన్నప్పుడు టీకప్పులు కడుగుతూ నేను విన్నాను, నోరు మెదపలేదు. చెప్పేస్తానండీ అంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే బాగుండునని నేనూ లోపల కోరుకున్నాను. అదీ నా సిగ్గు.

అమ్మాయీ, ముందు వరసలో కూర్చున్నావు. బళ్ళో ఆ పేరు పెట్టి నిన్ను ఏడిపించారని, ఇంటికొచ్చి మీ అమ్మను అడిగావని నాకు తెలుసు. ఆవిడ నీకు కూడా చెప్పలేదు. తల్లీ, దొంగ పని చేసింది నేను. మీ అమ్మ కాదు. ఆవిడ బతికుండగా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇక లేచి నిలబడదాం. నేను చెప్పింది విన్నాక నా పక్కన నిలబడడం ఇష్టం లేనివాళ్ళు దూరం జరగండి, ఏమీ అనుకోను. ఆవిణ్ణి ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం ముందుకు వచ్చి, ఆ అమ్మాయి దగ్గర నిలబడండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు.