ఆదివారం చెప్పిన సాక్ష్యం

మొగుళ్లపల్లి మండలంలోని ఒక ఊరు. బుధవారం మధ్యాహ్నం. టీబీతో బాధపడుతున్న రాజలింగును చూడడానికి పాస్టర్ జయపాల్ వచ్చాడు. రాజలింగు భార్య రాధ తలుపు దగ్గరికేసి గడపలో నిలబడింది.

“పండుకున్నడని చెప్పిన గద, అయ్యగారూ.”

“పండుకున్న మనిషి గట్ల దగ్గుతడా, రాధమ్మా? జర తలుపు తియ్యి.”

“ఆదివారం ప్రార్థనకు మేమే వస్తం. మొన్న మీరిచ్చిన బియ్యం గూడ ఇంక ఉన్నయి.”

“బియ్యం ముచ్చట గాదు. గా తువ్వాల ఎందుకు ఎనుకకు దాస్తున్నవు?”

“ఏం లేదు. పిండుదామని.”

“నెత్తురా?”

“పొద్దుగాల్నుంచి. మూడుసార్లు. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు.”

“ఆదివారం ప్రార్థనల తను చెప్పినట్టే, గోళీలు నిజంగనే బంద్ పెట్టిండా?”

“నెల దాటింది. మీరు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన దినం నుంచే. దేవుడు ముట్టినంక గోళీలెందుకన్నడు.”

“నేను బంద్ పెట్టుమన్ననా?”

“మీరు అన్లే. పెట్టొద్దని గూడ అన్లే.”

“జరుగు తల్లీ. రాజలింగూ, లే తమ్మీ. బండి మీద కూసో, భూపాలపల్లి దవాఖానకు పోదాం.”

“నేను రాను, అయ్యగారూ. నాకు బాగైంది.”

“మూతికి నెత్తురంటింది. బాగైందంటవా?”

“మంది ముంగట నిలబడి చెప్పిన. గోళీలు ఇడిసిపెట్టిన, యేసయ్య నన్ను లేపిండు అని చెప్పిన. మైకు మీరే ఇస్తిరి. ఆమెన్ గూడ మీరే అంటిరి. ఇయ్యాల పోయి దవాఖానల పండుకుంటే నేను అబద్ధమాడినట్టే గద?”

“నువ్వు ఆడలే. నీకు గట్లనే అనిపించింది, చెప్పినవు. నేనే మైకు తీస్కొని, గోళీలు ఇడువొద్దు అని చెప్పాల్సింది. అందరు సప్పట్లు కొడుతున్నరు, నా నోరు లేవలే. అప్పట్సంది మనసు నిలుస్తలేదు.”

“మరి మీ మాట మీద నమ్మకం పోదా?”

“పోనియ్యి. వచ్చే ఆదివారం నేనే నిలబడి తప్పు ఒప్పుకుంట. దవాఖానల డాక్టరమ్మ చేతుల నుంచి గూడ దేవుడే ఇస్తడు, తమ్మీ. నువ్వు బతుకాలె. రాధమ్మ మొఖం జూడు.”

“గాయిన ఇనడు, అయ్యగారూ. నేను నెల నుంచి చెప్తనే ఉన్న.”

“ఇంటున్న, రాధా. చెప్పులియ్యి.”

“వస్తవా?”

“వస్త. గని ముందుగాల తండకు పోనియ్యుండ్రి, అయ్యగారూ.”

“తండకెందుకు? నీకే నెత్తురు పడుతుంటే.”

“హీర్యా లేడా. ఆయన బిడ్డ మేఘన.”

“షుగర్ ఉన్న పోరి. దినాం సూదులు వేస్తరు. ఏమైంది?”

“ఆదివారం నేను చెప్పింది ఇని, ఇంటికి పోంగనే సూదులు బంద్ పెట్టిండట.”

“ఏందీ? మూడొద్దుల నుంచా?”

“నిన్నటి నుంచి వాంతులట. పొద్దుగాల ఫోన్ జేసిండు.”

“రాధమ్మా, నూటెనిమిదికి ఫోన్ కొట్టు, తండకు రమ్మను. రాజలింగూ, హీర్యా ఏమన్నడు?”

“గోళీలు ఇడిసినంక నీకు ఎన్నొద్దులకు నిమ్మళమైంది, అన్నా, అని అడిగిండు.”

“నువ్వేం చెప్పినవు?”

“తువ్వాలల నెత్తురు పట్టుకొనే చెప్పిన, అయ్యగారూ. ఇంకో నాలుగొద్దులు ఓపిక పట్టుమన్న.”