రెండు వేళ్ళ నీలం చార

అయ్యో సార్, ముందు ఆ ఫోన్ కింద పెట్టండి! నేనేమన్నా దొంగనా? దొంగతనానికి వచ్చినదాన్నైతే చీర చుట్టుకుని, పీట మీద కూర్చుని, ముప్పైమంది పిల్లల ముందు తుమ్ముతానా?

మా నాన్నకి చేస్తారా? చేద్దురుగాని. దారాలూ గుండీలూ అమ్ముకునే మనిషి, ఎక్కడికీ పారిపోడు. ఒక్క ఐదు నిమిషాలు నా మాట వినండి. తర్వాత మీ ఇష్టం.

కుండ పగిలింది. ఒప్పుకుంటున్నాను. కానీ పగలగొట్టింది ఆ టీచరమ్మ. నేను తుమ్మానంతే. ఆవిడ "బొమ్మ తుమ్మిందర్రోయ్!" అని కెవ్వుమని వెనక్కి గెంతి, కుమ్మరి సామాను మీద కూలబడింది. అయినా సార్, నూరేళ్ళ నాటి కుండ అని బోర్డు పెట్టారు గదా, మరి పెంకు తిరగేస్తే అడుగున బజారు షాపు స్టిక్కరుందేం?

నేనెవరికీ చెప్పను లెండి.

ఎందుకు కూర్చున్నానంటే... ఎలా చెప్పాలి? మీకు మనసుంటే చటుక్కున అర్థమవుతుంది. లేకపోతే పొద్దుపోయేదాకా చెప్పినా అర్థం కాదు.

మా షాపుకి గురువారం సెలవు. ఒక గురువారం వాన వస్తే మీ మ్యూజియంలో దూరాను. ఎడ్లబండీ, రోళ్ళూ, తిరగళ్ళూ అన్నీ చూసుకుంటూ చివరి హాల్లోకి వచ్చాను. అక్కడ నేతగాడి ఇల్లు. మగ్గం ముందు అతను.

మట్టిబొమ్మని నాకు తెలుసు సార్! అంత పిచ్చిదాన్నేం కాదు. కానీ ఆ వంచిన మెడ, ఆ వాల్చిన రెప్పలు... మీసం ఒక పక్క జిగురు ఊడి వేలాడుతోంది, అయినా సరే. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. పక్కన పొయ్యి ముందు కూర్చున్న అతని పెళ్ళాం బొమ్మని చూస్తే మాత్రం ఎందుకో ఒళ్ళు మండింది.

తర్వాతి గురువారం మళ్ళీ వచ్చాను. అప్పుడు చూశాను సార్. గుడ్డ పెరిగింది!

నవ్వకండి. నేను పదో తరగతి తప్పింది లెక్కల్లోనే గానీ, గుడ్డ కొలతలో నన్నెవరూ మాయ చెయ్యలేరు. మొదటివారం నేత అంచు మగ్గం చెక్క మీది మేకు దగ్గరుంది. రెండోవారం మేకుని దాటి నాలుగు వేళ్ళు. బొమ్మ నెయ్యదు గదా! అంటే ఎవరూ లేనప్పుడు ఎవరో వచ్చి నేస్తున్నారు. ఎవరూ లేనప్పుడు వచ్చేవాడికి మనసులో ఏదో బాధ ఉండి తీరాలి. బాధ ఉంటే వయసులో ఉన్నవాడే అయ్యుంటాడు. ఉంగరాల జుట్టు కూడా ఉంటుందని... అది నేను అనుకున్నాను.

మూడోవారం మా షాపులో నెమలికంఠం రంగు నూలు తీసి, కండెకి చుట్టి తెచ్చి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె పక్కన పెట్టాను. అవును, తాడు దాటాను. 'ముట్టుకోరాదు' అని మీ సంతకంతో బోర్డుంది, చదివాను, దాటాను.

నాలుగోవారం వచ్చి చూద్దునుగదా, తెల్లటి గుడ్డలో నీలం చార! నిండుగా రెండు వేళ్ళ వెడల్పు!

ఆ రోజు ఇంటికెలా వెళ్ళానో అడక్కండి. దారిలో ఎదురైన పోస్ట్‌మాన్‌ని చూసి కూడా నవ్వాను.

ఈసారి పసుపు నూలు కండె పెట్టాను. ఐదోవారానికి పసుపు చార వచ్చింది. ఇంకేం కావాలి సార్, ఉత్తరాలు రాసుకుంటున్నట్టే గదా! ధైర్యం చేసి ఎరుపు పెట్టాను.

ఎరుపు రాలేదు.

కండె పెట్టింది పెట్టినట్టే ఉంది. మళ్ళీ తెలుపే నేశాడు. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. మరీ తొందరపడ్డాననుకున్నాడా? ఆడపిల్ల ఇంత చొరవా అనుకున్నాడా?

ఇదిలా ఉండగా మా అత్త ఒక సంబంధం తెచ్చింది. కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి. మంచివాడే పాపం. నన్ను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు. కానీ నా మనసు ఇక్కడ మగ్గం దగ్గర చిక్కుపడిపోతే నేనేం చెయ్యను? ఇవాళ పొద్దున్నే మా నాన్నతో అనేశాను: "నాకు వద్దు నాన్నా, నా మనసులో ఒకరున్నారు."

"ఎవరే అతను?" అన్నాడు నాన్న, గుండీల డబ్బా చేతిలో పట్టుకునే.

"సాయంత్రం చెబుతాను."

మరి సాయంత్రంలోగా నేను కనుక్కోవాలా, వద్దా? మా అత్త అప్పుడే ఆ అబ్బాయి వాళ్ళకి వద్దని కబురు కూడా పెట్టేసింది!

అందుకే కూర్చున్నాను. పెళ్ళాం బొమ్మ ముక్కు విరిగి రిపేరుకి వెళ్ళింది గదా, పీట ఖాళీ. దాని చీర మడతపెట్టి ఉంటే డ్రెస్సు మీదే చుట్టుకుని, ముసుగు లాక్కుని, పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను. మీ కాపలా ఆయన "భోజనాలకి మూస్తున్నాం!" అని అరిచి, ఒకసారి తొంగి చూసి, తాళం వేసుకుని వెళ్ళాడు. నన్ను చూశాడు సార్! చూసి ఏమీ అనుకోలేదు!

కాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది. ముసుగు ఇంకాస్త కిందకి లాక్కున్నాను. అతను నా పక్కనే బూట్లు విప్పాడు. ముసుగు కిందనుంచి అవే కనిపించాయి. గోధుమరంగు బూట్లు. ఒకదానికి గోధుమరంగు లేసు, ఇంకోదానికి నల్ల లేసు. ఆ తర్వాత మొహం తుడుచుకున్న రుమాలు తెచ్చి నా భుజం మీద ఆరేశాడు!

ఇక మగ్గం మొదలైంది. టకాటక్, టకాటక్. అరగంట. పైగా ముక్కుతో ఏదో కూనిరాగం.

అతను వెళ్ళాక లేద్దామంటే కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడ్డాయి. ఇంతలో తాళం తీశారు, బడిపిల్లలు వచ్చిపడ్డారు. ఆ టీచరమ్మ నా ముఖం మీదకి వంగి ఏమందో తెలుసా? "పాత బొమ్మే నయం. దీని ముఖంలో జీవం లేదు."

జీవం లేదట సార్! ఏడుపొచ్చింది. ఏడుపు ఆపుకోబోతే చీరలోని దుమ్ముకి తుమ్మొచ్చింది. అంతే జరిగింది.

రుమాలా? ఉందండీ, ఇదిగో, మడతపెట్టి దాచుకున్నాను...

ఎందుకు సార్ చెయ్యి చాపుతున్నారు?

...

ఆ కాళ్ళు కుర్చీ కిందకి ఎందుకు లాక్కుంటున్నారు? చూపించండి. చూపించండి సార్.

నల్ల లేసు.

మీరా?

మీరేనా! ఈ బట్టత... క్షమించండి. ఏంటీ? మీ అమ్మగారు నేసేవారా? ఆడని మగ్గం ముందు కూర్చుని అన్నం తింటే ముద్ద దిగదా? అది బాగానే ఉంది గానీ, మరి ఆ కండెలు ఎవరు పెడుతున్నారనుకున్నారు?

స్టోరువాళ్ళా?!

నా నెమలికంఠం రంగుని స్టోరు సరుకనుకున్నారా! మరి ఎరుపు? ఎరుపెందుకు నెయ్యలేదు? ...రంగు దిగుతుందనా? అంతేనా? దానికా నేను మూడు రోజులు పస్తులున్నది! అది దిగదు సార్. రెండుసార్లు ఉతికి చూసి మరీ పెట్టాను.

సరే, ఒక నిజం చెప్పేస్తాను. ఆ బూట్లు చూడగానే నాకు తెలిసిపోయింది, ఇతను ఉంగరాల జుట్టువాడు కాదని. అయినా అరగంటసేపు తల తిప్పలేదు. వెనకాల ఎవరో నాకోసమే నేస్తున్నట్టు ఉంది. తిప్పితే ఆగిపోతుంది గదా.

ఇక చెయ్యండి ఫోన్. నంబరు మీ ముందే ఉంది. చెయ్యండి, నాకేం భయం లేదు. మా నాన్న ఎత్తగానే "ఎవరే అతను?" అనే అడుగుతాడు. ఆ జవాబేదో మీరే చెప్పండి.

అదేంటి సార్, ఫోన్ కింద పెట్టేశారు?